బోసినోరు వయసు వల్లే రాదు

(ఆగస్టు 9, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా యువజన సమావేశంలో ఒక దంత వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి పోడు పట్టాల గురించి, మన భాషల గురించి, ఉద్యోగాల గురించి పెద్దలు మాట్లాడారు. ఇప్పుడు నేను పళ్ళ గురించి మాట్లాడతానంటే మీలో కొందరికి నవ్వొస్తుంది. నవ్వండి, ఫరవాలేదు. కానీ నవ్వేటప్పుడు ఒకసారి ముందు వరుస వైపు చూడండి. మన అవ్వలు, తాతలు నవ్వినప్పుడు ఎంతమంది నోట్లో పళ్ళు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. ఆ తర్వాత, ఉద్యోగం చేసి రిటైరై పట్నంలో ఉంటున్న అదే వయసు వాళ్ళని గుర్తు చేసుకోండి. ఇద్దరికీ అరవై అయిదేళ్ళే. ఒకరు చెరుకుగడ కొరుకుతారు, ఒకరు అన్నం కూడా పిసికి మింగుతారు. వయసు ఒక్కటే కారణమైతే ఇద్దరికీ ఒకేలా ఉండాలి కదా? ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చిందన్నదే ఈ రోజు నా మాట.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. పెద్దవాళ్ళయితే పళ్ళు ఊడిపోతాయని మనందరం అనుకుంటాం. జుట్టు నెరిసినట్టే ఇదీ అనుకుంటాం. అది నిజం కాదు. పళ్ళు ఎక్కువగా రెండు జబ్బుల వల్ల పోతాయి. ఒకటి పిప్పి పన్ను. తిన్న తీపిని నోట్లోని సూక్ష్మజీవులు ఆమ్లంగా మార్చి పంటిని తొలిచేస్తాయి. రెండోది చిగుళ్ళ జబ్బు. పాచి గట్టిపడి గారగా మారి, చిగురు వాచి, రక్తం కారి, లోపల ఎముక కరిగి, పన్ను కదిలి ఊడిపోతుంది. రెండింటినీ చాలావరకు రాకుండా ఆపవచ్చు. వచ్చినా మొదట్లోనే పట్టుకుంటే పన్ను నిలుస్తుంది.

దీనికి జపాన్ ఒక ఉదాహరణ. అక్కడ 1989లో ఒక ఉద్యమం మొదలుపెట్టారు. దాని పేరు '8020'. 80 ఏళ్ళ వయసులో 20 సొంత పళ్ళు ఉండాలి అని దాని అర్థం. 20 పళ్ళుంటే దాదాపు అన్నిరకాల తిండీ నమలవచ్చు కాబట్టి ఆ లెక్క పెట్టుకున్నారు. మొదలుపెట్టిన రోజుల్లో ఆ వయసువాళ్ళలో పదిమందిలో ఒక్కరికి కూడా అన్ని పళ్ళు లేవు. 2016 సర్వే నాటికి సగం మందికి పైగా ఆ లెక్క అందుకున్నారు. జపాన్ వాళ్ళ దవడలు మన దవడల కంటే వేరు కాదు. వాళ్ళకు అందినవి మనకు అందలేదు, అంతే.

పళ్ళు పోతే ఏమవుతుంది? మీ ఇంట్లోనే చూడండి. ముందు జొన్న రొట్టె పోతుంది. తర్వాత మాంసం, కాల్చిన మక్క కంకి, పచ్చి కూరగాయలు, కాయలు, గింజలు పోతాయి. చివరికి మిగిలేది మెత్తటి అన్నం, చారు, టీలో ముంచిన బిస్కెట్. కడుపు నిండుతుంది కానీ బలం రాదు. కండ తగ్గుతుంది, రక్తం తగ్గుతుంది, కాళ్ళు వణుకుతాయి. మనం 'ముసలితనం' అంటాం. అందులో కొంత ముసలితనం కాదు, నమలలేకపోవడం. షుగర్ ఉన్నవాళ్ళకు ఇంకో చిక్కుంది. షుగర్ ఎక్కువైతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది, చిగుళ్ళ జబ్బు ముదిరితే షుగర్ అదుపులోకి రావడం కష్టమవుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి.

మన సంఘం సంస్కృతి కోసం పెట్టుకున్న సంఘం కాబట్టి ఇంకో నష్టం కూడా చెప్పాలి. మన చరిత్ర పుస్తకాల్లో తక్కువ, నోళ్ళలో ఎక్కువ. కోయల డోలి కథలు, గోండుల వంశ గాథలు, పెళ్ళి పాటలు, విత్తనాల పండగ పాటలు అన్నీ పెద్దల నోటి మీదే నిలిచాయి. కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చింది ఆ నోటిలో నిలిచిన జ్ఞానానికే. ముందు పళ్ళు లేకపోతే త, ద, స లాంటి అక్షరాలు సరిగా పలకవు. మాట జారిపోతుంటే పెద్దలు సిగ్గుపడి సభలో పాడడం మానేస్తారు. ఈ మధ్య ఒక ఊళ్ళో పాటలు రికార్డు చేయడానికి మన పిల్లలు వెళితే, ఒక అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నా నోట్లో గాలే వస్తది బిడ్డా, పాట రాదు" అని చెప్పిందట. ఆమెకు పాట వచ్చు. పళ్ళు లేవు. భాషను కాపాడుకుందాం అని మనం బ్యానర్లు కట్టేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుండాలి.

ఇక అసలు విషయానికి వద్దాం. నోటి జబ్బులు ప్రపంచంలో సుమారు 350 కోట్ల మందికి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో చెప్పింది. ఆ జబ్బులు అందరికీ సమానంగా రావు. ఆదాయం ఒక్కో మెట్టు తగ్గేకొద్దీ నోట్లో పళ్ళ సంఖ్య కూడా తగ్గుతుంది. ఏ దేశంలో చూసినా ఇదే వరస. మైకేల్ మార్మట్ అనే ఆచార్యుడి నాయకత్వంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన కమిషన్ 2008లో ఇచ్చిన నివేదిక సారాంశం ఇదే. మనిషి పుట్టిన చోటు, పెరిగిన తీరు, చేసే పని, చేతిలో డబ్బు, ఇవే ఆరోగ్యాన్ని చాలావరకు నిర్ణయిస్తాయి. అంతకు చాలాముందే, 1971లో, వేల్స్ దేశంలో బొగ్గుగని కార్మికుల ఊళ్ళో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు ఒక సూత్రం రాశాడు. మంచి వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళకే తక్కువ అందుతుందని దాని సారం. మన ఏజెన్సీకి వచ్చి రాశాడా అనిపిస్తుంది.

ఎలా అందదో చిన్న లెక్క చేద్దాం. పన్ను పీకాలంటే ఒకసారి వెళితే సరిపోతుంది. అదే పన్నును రూట్ కెనాల్ చేసి నిలబెట్టాలంటే రెండు, మూడుసార్లు వెళ్ళాలి. పైన తొడుగు వేయించుకోవాలంటే ఇంకా తిరగాలి. పూర్తి కట్టుడు పళ్ళ సెట్టు కావాలంటే మామూలుగా నాలుగైదు సార్లు వెళ్ళాలి. మొదటిసారి అచ్చు తీస్తారు, రెండోసారి సరైన కొలత అచ్చు, మూడోసారి దవడల కొలత, నాలుగోసారి మైనంలో పెట్టి చూస్తారు, అయిదోసారి పళ్ళు ఇస్తారు. ఆ తర్వాత ఒరుసుకున్న చోట సరిచేయించుకోవడానికి మళ్ళీ వెళ్ళాలి.

పట్నంలో ఇంటి పక్క వీధిలోనే డాక్టరున్న వాళ్ళకు అయిదుసార్లు అంటే అయిదు సాయంత్రాలు. మరి పాడేరు పైన కొండ మీద ఊరి అవ్వకు? రోడ్డు దాకా నడక, అక్కడ నుంచి ఆటో లేదా జీపు, ఆ పైన బస్సు. పాడేరు నుంచి విశాఖపట్నం వంద కిలోమీటర్లకు పైనే. అవ్వ ఒక్కతే వెళ్ళలేదు కాబట్టి కొడుకో కోడలో తోడు వెళ్ళాలి. అంటే ఇద్దరి ఛార్జీలు, ఇద్దరి తిండి, ఒకరి కూలి పోవడం. దీన్ని అయిదుతో గుణించండి. పళ్ళ ఖర్చు ఇంకా మొదలే కాలేదు. అందుకే మన వాళ్ళు "ఉన్న ఒక్క రోజులో పీకించేద్దాం" అంటారు. అది అజ్ఞానం కాదు, వాళ్ళ లెక్క ప్రకారం అది సరైన నిర్ణయం. పన్ను నిలుస్తుందా, పోతుందా అన్నది జబ్బు కంటే ముందు దూరమే తేల్చేస్తోంది.

డోలీ మోతలు మీ అందరికీ తెలుసు. గర్భిణిని, పాము కరిచిన వాళ్ళని కర్రకు దుప్పటి కట్టి మోసుకురావడం మన ఊళ్ళలో ఇప్పటికీ ఉంది. కానీ పంటి నొప్పికి ఎవరూ డోలీ కట్టరు. ప్రాణం మీదికి రాదు కదా అని ఓర్చుకుంటారు. సంతలో ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి బిళ్ళలు కొంటారు, లవంగం పెడతారు, కొందరు బ్యాటరీ మసి, పొగాకు కాడ కూడా పెడతారు. నొప్పి తగ్గుతుంది, చీము తగ్గదు. నెలల తరబడి నొప్పి బిళ్ళలు మింగితే కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఆరోగ్య కార్డు ఉంది కదా అని మీరు అడగవచ్చు. ఆ కార్డులు ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే పెద్ద చికిత్సల కోసం పెట్టినవి. పిప్పి పన్ను నింపడం, చిగుళ్ళు శుభ్రం చేయడం, కట్టుడు పళ్ళు లాంటివి మంచం మీద పడుకోకుండా అయ్యే పనులు. అవి చాలావరకు ఆ కార్డు పరిధిలోకి రావు. గుండెకు లక్షలు వస్తాయి, పంటికి వేలు రావు. నెలనెలా జీతం వచ్చే ఇంటికి ఇదొక ఖర్చు మాత్రమే. కూలికి వెళ్ళే ఇంటికి ఇది ఒక మేకను అమ్ముకోవడం.

ఇప్పుడు అలవాట్ల గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. శ్రీకాకుళం, విశాఖ వైపు పెద్ద వయసు ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటుంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా తదితర పరిశోధకులు మన రాష్ట్రంలో 10,169 మంది పల్లెవాసుల నోళ్ళు పరీక్షించి, ఈ అలవాటున్న వాళ్ళ అంగిలి మీద వచ్చే మార్పుల గురించి రాశారు. ఆ వేడికి, పొగకు అంగిలి తెల్లబడుతుంది, పుండ్లు పడతాయి, కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. ఇక మగవాళ్ళలో ఖైనీ, బీడీ, ఇప్పుడు కుర్రవాళ్ళలో గుట్కా. పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం అన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

అయితే ఒక మాట. ఇదంతా వాళ్ళ తప్పే అని తేల్చేయడం సులువు. ఆకలిని, చలిని, రోజంతా ఎండలో చేసే పనిని తట్టుకోవడానికి పొగాకు పట్టుకున్న తరం అది. మాన్పించే సలహా ఇచ్చేవాళ్ళు వాళ్ళ దగ్గరకు ఎప్పుడూ రాలేదు. గుట్కా ప్యాకెట్, శీతల పానీయం, రంగు బిస్కెట్ మాత్రం రోడ్డు లేని ఊరికి కూడా వెళ్ళాయి. పళ్ళ డాక్టరు కంటే ముందు పంచదార కొండెక్కింది. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్ళలో, తండాల్లో ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పళ్ళు గారపట్టి, ఎముకలు వంగిన వాళ్ళను తలుచుకోండి. ఆ నీళ్ళు వాళ్ళు కోరి ఎంచుకున్నారా? ఉన్న నీళ్ళు అవే. కాబట్టి పెద్దల్ని తిట్టకండి. సాయం చేయండి.

కొన్ని అపోహలు కూడా తీసేయాలి. పై పన్ను పీకితే కంటిచూపు పోతుందని చాలామంది భయపడతారు. పంటికి వెళ్ళే నరం వేరు, చూపు నరం వేరు. చీము పట్టిన పన్నును భయంతో అలాగే ఉంచుకోవడమే ప్రమాదం. గార తీయిస్తే పళ్ళు కదులుతాయన్నది ఇంకో భయం. గార వల్లే ఎముక కరిగి పన్ను వదులైంది. గార అడ్డు ఉన్నంతకాలం అది బయటపడలేదు, అంతే. మూడోది, బొగ్గు, ఇటుక పొడి, ఉప్పుతో గట్టిగా రుద్దితే పళ్ళు తెల్లగా ఉంటాయనుకోవడం. అలా రుద్దితే పంటి పైపొర అరిగి జివ్వుమంటుంది. వేప పుల్ల, కానుగ పుల్ల మన పాత అలవాటు. బాగా నమిలి మెత్తటి కుంచెలా చేసి వాడితే పాచి పోతుంది. కానీ పిప్పిని అడ్డుకునే ఫ్లోరైడ్ అందులో ఉండదు. అందుకే పుల్ల వాడినా, రాత్రి పడుకునే ముందు మెత్తటి బ్రష్‌తో ఫ్లోరైడ్ ఉన్న పేస్టు వాడాలి. ఫ్లోరైడ్ పేస్టును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. అది అంత ముఖ్యమైనది.

మరి మీరేం చేయగలరు? అయిదు పనులు చెబుతాను.

మొదటిది ఇంట్లో పని. నెలకోసారి మీ అవ్వ, తాత నోట్లో సెల్‌ఫోన్ టార్చి వేసి చూడండి. బుగ్గల లోపల, నాలుక కింద, పక్కల, అంగిలి మీద చూడండి. రెండు వారాలైనా మానని పుండు, తెల్లటి లేదా ఎర్రటి మచ్చ, గడ్డ, నోరు పూర్తిగా తెరవలేకపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. నొప్పి లేదు కదా అని వదిలేయవద్దు. నోటి క్యాన్సర్ మొదట్లో నొప్పి పెట్టదు. చేతులు వణికే పెద్దలకు బ్రష్ పిడికి గుడ్డ చుట్టి లావుగా చేసి ఇవ్వండి, పట్టు దొరుకుతుంది. కట్టుడు పళ్ళుంటే రాత్రి తీయించి, కడిగి, నీళ్ళలో వేయించండి.

రెండోది మాట సాయం. మన అవ్వలకు కువి, గోండి, కోయ, సవర భాషల్లోనే నొప్పి చెప్పుకోవడం వచ్చు. డాక్టరుకు ఆ భాష రాదు. మధ్యలో మాట పోతుంది, ఒక్కోసారి మంచి పన్ను కూడా పోతుంది. మీరు తోడు వెళ్ళి రెండు వైపులా మాట చెప్పండి. మీకున్న రెండు భాషలే అక్కడ పెద్ద వైద్యం.

మూడోది హక్కుల పని. రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే కేంద్ర పథకం ఉంది. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే దాన్ని ప్రారంభించారు. అరవై దాటిన పేద పెద్దలకు చేతికర్ర, వినికిడి యంత్రం, కళ్ళజోళ్ళతో పాటు కట్టుడు పళ్ళు కూడా ఉచితంగా ఇవ్వాలని అందులో ఉంది. శిబిరాల్లో చేతికర్రలు, చక్రాల కుర్చీలు పంచడం చూసే ఉంటారు. కట్టుడు పళ్ళు కూడా జాబితాలో ఉన్నాయని అడిగేవాళ్ళు తక్కువ. మీ ఊళ్ళో పళ్ళు లేని పెద్దల జాబితా రాయండి. పేరు, వయసు, రేషన్ కార్డు, ఆధార్ వివరాలు జతచేసి గిరిజన దర్బార్‌లో ప్రాజెక్టు ఆఫీసర్ గారికి ఇవ్వండి. ఒక్కరు అడిగితే చూద్దాం అంటారు. నలభై పేర్ల జాబితా ఇస్తే శిబిరం పెట్టాల్సి వస్తుంది.

నాలుగోది వ్యవస్థను అడగడం. సామాజిక ఆరోగ్య కేంద్రంలో దంత వైద్యుడు ఉండాలని భారత ప్రజారోగ్య ప్రమాణాల్లోనే ఉంది. మీ దగ్గర కుర్చీ ఉందా, డాక్టరున్నారా, మందులున్నాయా వెళ్ళి చూడండి. లేకపోతే గ్రామసభలో తీర్మానం చేయండి. ముప్పై ఏళ్ళు దాటిన అందరికీ నోటి క్యాన్సర్ పరీక్ష చేయాల్సిన కార్యక్రమం కూడా ఉంది. ఆశా అక్క ఫారం నింపడంతో ఆగకుండా నిజంగా నోరు చూసేలా అడగండి. ఇంకొకటి కూడా అడగండి. పళ్ళ డాక్టరు వారపు సంత రోజున సంత ఊళ్ళో కూర్చోవాలి. మన పెద్దలు ఎలాగూ ఆ రోజు కిందకు దిగుతారు. వేరే ఛార్జీ, వేరే కూలి పోవడం ఉండదు. కరెంటు లేని చోట కూడా చేతి పనిముట్లతో పిప్పిని తీసి సిమెంటు నింపే పద్ధతి ఉంది. 1980ల్లో టాంజానియా దేశంలో ఆ పద్ధతి మొదలైంది. కొండ ఊళ్ళకు అది చక్కగా సరిపోతుంది.

అయిదోది మీ భవిష్యత్తు. అలాస్కా ఆదివాసుల కథ వినండి. మంచు మధ్య ఊళ్ళు, విమానం తప్ప దారి లేదు, పళ్ళ డాక్టరు ఏడాదికోసారి వస్తే గొప్ప. వాళ్ళ ఆదివాసీ ఆరోగ్య సంస్థ 2003లో తమ యువతనే న్యూజిలాండ్ పంపి దంత చికిత్సలో శిక్షణ ఇప్పించింది. వాళ్ళు తిరిగొచ్చి సొంత ఊళ్ళలో పళ్ళు నింపడం, పీకడం మొదలుపెట్టారు. పెద్ద డాక్టర్ల సంఘం కోర్టుకు వెళ్ళినా ఆ పని ఆగలేదు. మన దగ్గర ఆ కోర్సు అదే రూపంలో లేదు. కానీ నీట్ రాసి బీడీఎస్ చదవవచ్చు. డెంటల్ హైజీనిస్ట్, డెంటల్ మెకానిక్ అనే రెండేళ్ళ కోర్సులున్నాయి. మెకానిక్ కోర్సు చదివినవాళ్ళే కట్టుడు పళ్ళు తయారుచేస్తారు. ఇంటర్ చదువుతున్న చెల్లెళ్ళు ఒకసారి దీని గురించి ఆలోచించండి.

చివరిగా మీ నోళ్ళ గురించి. పళ్ళ అసమానత అరవై ఏళ్ళకు మొదలవదు. పదిహేనేళ్ళకు నోట్లో వేసుకున్న గుట్కాతో, హాస్టల్లో బ్రష్ లేకుండా గడిచిన రోజులతో, నొప్పి వచ్చినప్పుడు ఎవరూ పట్టించుకోని ఏడాదితో మొదలవుతుంది. అరవై ఏళ్ళకు లెక్క తేలుతుంది. మీ పెద్దలకు దొరకని సమాచారం మీకు ఈ రోజు దొరికింది. వాడుకోండి.

సభ అయ్యాక వెనక గదిలో నేను, మా సిస్టర్ సాయంత్రం అయిదు దాకా ఉంటాం. ముందు వరుసలోని పెద్దల నోళ్ళు చూస్తాం. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో తమ్ముడో చెల్లెలో నిలబడి మాట చెప్పండి, పేరు రాయండి. వయోశ్రీ జాబితా కూడా అక్కడే మొదలుపెడదాం.